కొసరుగా వచ్చిన తపాలా బిళ్ళలు

విశాఖపట్టణపు పూర్ణా మార్కెట్టులో కూరలు తూచి ఇచ్చిన పిమ్మట దుకాణదారు తనంత తానుగా రెండు రెబ్బల కరివేపాకో, నాలుగు పచ్చిమిరపకాయలో సంచిలో పడవేయనిచో, తూకము సరిగానే ఉన్నను కొన్నవారికి ఏదియో వెలితిగా తోచును. కొసరునకు వెల లేదు. ఐనను కొసరు లేని బేరము మనవారికి బేరముగా కనబడదు. అంగడివాడు కొలిచి, తూచి, పొట్లము కట్టి ఇచ్చినంత కాలము ఈ మర్యాద వాని చేతిలోనే ఉండెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున యంత్రశాలలు విస్తరిల్లి, తినుబండారములు కొనువాని కన్నుల ఎదుట గాక ఎచ్చటనో దూరదేశమున సీలు వేయబడిన డబ్బాలుగను, అట్టపెట్టెలుగను తయారై వచ్చుట మొదలిడిన తరువాత, ఆ కొసరు కూడ దారి వెదకికొని పెట్టెలోపలికి దూరవలసి వచ్చెను. అట్లు దూరిన వస్తువులలో బొమ్మలట్టలు, తగరపు ఈలలు, గోళీలు, చిన్ని పుస్తకములు మొదలైనవి అనేకములు కలవు గాని, వాని అన్నిటిలోను విచిత్రమైనది నిజమైన తపాలా బిళ్ళ. ఒక ప్రభుత్వము తన పేరు మీద, తన వెల మీద అచ్చొత్తించిన కాగితము, మొక్కజొన్న అటుకుల పెట్టెలో పిల్లవాని కానుకగా పరిణమించిన కథ అది.

ఈ ఆచారమునకు మూలపురుషులను వెదకుచు పోయినచో ముందుగా లీబిగ్ కంపెనీ వారి పేరు తగులును. యుస్టుస్ ఫాన్ లీబిగ్ అను జర్మను రసాయనశాస్త్రవేత్త పేరు పెట్టుకొని, దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున మాంసపు సారమును తీసి డబ్బాల కెత్తిన ఆ సంస్థ, 1870ల నుండి రంగురంగుల చిత్రపు అట్టలను, సామాన్యముగా ఆరేసి చొప్పున ఒక వరుసగా కూర్చి, ఐరోపా గృహిణులకు పంచిపెట్టెను. ఆ పంపకము ఇంచుమించు నూరేండ్లు సాగినది. జర్మనీలో స్టోల్‌వెర్క్ చాక్లెట్ల వారు బొమ్మలను ఇచ్చి, వానిని అతికించుకొనుటకు ఆల్బములను సిద్ధపరచిరి. సిగరెట్టు పెట్టె నలిగిపోకుండుటకై లోపల నుంచెడి ఉత్త అట్టముక్క మీద ఒక బొమ్మ వేసినచో ఏమని అమెరికా వ్యాపారులకు తోచినదే తడవుగా, మల్లయోధులును, పక్షులును, రాజులును, నటీమణులును పొగాకు వాసనతో కలిసి జేబులలో తిరుగజొచ్చిరి. చికాగో నగరమున పాకము పట్టిన మొక్కజొన్న పేలాలను వేరుసెనగ పప్పులతో కలిపి అమ్ముచుండిన క్రాకర్ జాక్ వారు 1912 నుండి ప్రతి పెట్టెలోను ఒక బహుమానము పెట్టసాగిరి. మన ఇండ్లలో ఎర్రలేబులు టీ పేరుతో పరిచితులైన బ్రూక్‌బాండు వారు కూడ ఇంగ్లాండులో 1954 మొదలు 1999 వరకు తేయాకు పొట్లములలో చిత్రపు అట్టలుంచిరి. మొదటి వరుస పక్షులది.

ఇందులోని కిటుకు మిక్కిలి సరళము. కూరల దుకాణపు కొసరు కొన్నవానిని తృప్తిపరచి పంపును. పెట్టెలోని కొసరు వానికి ఆకలిని రేపి పంపును. ఇరువది బొమ్మల వరుసలో పదునెనిమిది చేతికి వచ్చిన పిల్లవాడు మిగిలిన రెంటి కొరకు తల్లిని ఎంత వేధించునో తల్లులకే ఎరుక. పెట్టె విప్పువరకు లోపల ఏది యున్నదో తెలియకుండుట, వచ్చినదే మరల వచ్చుట, వచ్చిన రెండవ ప్రతిని ప్రక్కింటి పిల్లవానితో మార్పిడి చేసికొనుట — ఈ మూడును కలిసి ఒక వీధి యంతటిని ఆ కంపెనీకి జీతము లేని ప్రచారకులుగా మార్చివేసెను. అసలుకన్న వడ్డీ ముద్దన్నట్లు, అటుకులు పళ్ళెములో మెత్తబడిపోవుచున్నను పిల్లల చేయి పెట్టె అడుగున తడుముచునే యుండెడిది. వర్తకుల ఈ నేర్పును నేను తప్పుపట్టబోను. ఏలయన, వారు లాభము కొరకు చేసిన పనియే అయినను, దాని వలన లోకమున చిత్రజ్ఞానము, భూగోళజ్ఞానము పెరిగినమాట కాదనరానిది.

ఇతర కానుకలన్నియు కంపెనీవారు తమ ఖర్చుతో గీయించి, అచ్చు వేయించి, కోయించవలసినవి. తపాలా బిళ్ళకు ఆ శ్రమ లేదు. గీసినవాడు ఎవడో, అచ్చువేసినది ఎవ్వరో, పళ్ళు పళ్ళుగా అంచు త్రుంచినది ఏ యంత్రమో. చిన్నది, తేలిక, చదునైనది, చెడిపోనిది, పైగా దూరదేశపు పేరు మోసికొని వచ్చినది. దానిని చౌకగా సంపాదించుటకు రెండు మార్గము లుండెను. మొదటిది తూకపు సరుకు: క్రైస్తవ మిషనులు, ధర్మసంస్థలు, కార్యాలయములు తమకు వచ్చిన ఉత్తరముల మూలలను కత్తిరించి బస్తాల కొలది పోగుచేయగా, బిళ్ళల వర్తకులు వానిని కిలోల లెక్కన కొని, నానబెట్టి, ఆరబెట్టి, ఏరి, చిన్న పొట్లములుగా కట్టెడివారు. రెండవ మార్గము ఇంకను చిత్రమైనది. పెట్టెలలో వచ్చిన బిళ్ళలలో అధికభాగము ఆ దారిన వచ్చినవే గనుక దానిని కొంచెము విప్పి చెప్పెదను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము హంగేరీ, పోలండు, రుమేనియా వంటి తూర్పు ఐరోపా దేశముల తపాలాశాఖలు విదేశీ ద్రవ్యమును ఆర్జించుటకు ఒక ఉపాయము పన్నినవి. బిళ్ళలు అచ్చువేసి, పూర్ణపత్రము విడదీయకముందే, నాలుగేసి బిళ్ళలు కలిసెడి కూడలిలో ఒక్కొక్క తపాలా ముద్రను అందముగా కొట్టి, ముఖవిలువలో అత్యల్పభాగమునకు వర్తకులకు టోకుగా అమ్మివేయుటయే ఆ ఉపాయము. ముద్ర పడినది గనుక ఆ బిళ్ళను ఎవడును ఉత్తరముపై అతికించి వాడుకొనలేడు. కావున తపాలాశాఖకు ఒక్క ఉత్తరము మోయవలసిన పని లేకయే సొమ్ము వచ్చును. ఇట్టి బిళ్ళను గుర్తించుట సులభము. ముందువైపున ఒక మూలలో మాత్రమే ముద్ర యొక్క పావువంతు చాపము, సిరా చెదరక, కొలిచి గీసినట్లు కనబడును. త్రిప్పి చూచినచో వెనుకవైపున జిగురు చెక్కుచెదరక నిగనిగలాడుచుండును. నిజముగా ప్రయాణము చేసిన బిళ్ళకు వెనుక జిగురుండదు. ముందు ముద్ర అడ్డదిడ్డముగా, ఒక్కొక్కప్పుడు బొమ్మలోని మహాపురుషుని ముఖమునే మసిచేసి, పడియుండును. మన దేశపు పిల్లల ఆల్బములలో మగ్యార్ పోస్టా అను పేరుగల హంగేరీ బిళ్ళలు అంతగా నిండియుండుటకు కారణ మిదియే.

అరబ్బు ద్వీపకల్పపు తీరమందలి చిన్న షేకుల రాజ్యములు ఈ విద్యను పరాకాష్ఠ కెక్కించినవి. అజ్మాన్, షార్జా, ఫుజైరా, ఉమ్మ్ అల్ కువైన్ మొదలగు సంస్థానములు, 1964 ప్రాంతముల నుండి 1972 వరకు, విదేశీ ఏజెంట్లతో ఒడంబడికలు చేసికొని, వ్యోమగాములు, ఒలింపిక్ క్రీడాకారులు, ఐరోపా చిత్రకారుల కళాఖండములు, పిల్లులు, సీతాకోకచిలుకలు — తమ ఇసుకదిబ్బలతో ఏ సంబంధమును లేని బొమ్మలతో వేల కొలది బిళ్ళలను లోకముమీదికి వదలినవి. బిళ్ళల పండితులు కినుక వహించి, తమ ప్రామాణిక కేటలాగులలో వానిలో పెక్కింటికి ప్రధానస్థానము నొసగరైరి. ఇసుకదిబ్బల దేశములని ఎగతాళి చేసిరి. 1971 డిసెంబరు 2వ తేదీన ఆ సంస్థానములు ఏకమై సంయుక్త రాష్ట్రముగా ఏర్పడిన కొలదికాలమునకే ఈ ముద్రణ ఆగిపోయినది. పండితుల కోపము సహేతుకమే. ఐనను, తెలుగు జిల్లాల నుండి వేలమంది గల్ఫు దేశములకు కూలి వెదకికొని పోవుటకు కొన్నియేండ్లకు ముందే, మన పల్లెపట్టుల పిల్లలు కొందరు అజ్మాన్, ఫుజైరా అను పేర్లను తడుముకొనక పలుకుచుండిరనినచో, అది ఆ అప్రామాణికపు కాగితముల పుణ్యమే.

పెట్టెలలోని నిజమైన తపాలా బిళ్ళలతో నేరుగా సంబంధము లేని పోలికసరుకు కూడ కొంత కలదు. అమెరికాలో టాప్స్ అను బబుల్‌గమ్ కంపెనీవారు 1961, 1962 సంవత్సరములలో బేస్‌బాల్ ఆటగాండ్ర ముఖములతో, వెనుక జిగురు, అంచున పళ్ళు పెట్టి, అచ్చముగా తపాలా బిళ్ళలను బోలిన బిళ్ళలను పొట్లములలో ఉంచిరి. అంతకు పూర్వము 1930లలో ఐవరీ సబ్బు వారి ప్రాపకమున టిమ్ హీలీ అను నాయన రేడియోలో బిళ్ళల సంఘమును నడపి, సబ్బు పైకాగితములు పంపిన పిల్లలకు నిజమైన విదేశీ బిళ్ళలను పంపెడివాడు. సబ్బు తినుటకు పనికిరాదు గాని సూత్రము ఒక్కటే.

మన దేశమునకు వచ్చినచో, పొట్లములలోని కానుక వేరు రూపములు ధరించినది. 1980లలో గోల్డ్‌స్పాట్ సీసా మూతల లోపల జంగిల్ బుక్ బొమ్మలు వెదకిన తరమును, బిగ్‌ఫన్ బబుల్‌గమ్ కాగితములపై నున్న పరుగులు, వికెట్లు కూడబెట్టిన తరమును, మ్యాగీ ఖాళీ పొట్లములను కట్టగట్టి పంపి బహుమానము కొరకు తపాలావాని త్రోవ చూచిన తరమును ఇప్పుడు ఏబది ఏండ్ల వయసున కళ్ళజోళ్ళు సవరించుకొనుచున్నవి. నిజమైన తపాలా బిళ్ళ కావలసినవాడు స్టేషనరీ దుకాణమున గాజుకాగితపు పొట్లమును కొనవలెను, లేదా ఉత్తరములు వచ్చు ఇంటిని ఆశ్రయింపవలెను. ఈ రెండవదానిలో విశాఖపట్టణపు బాలురకు ఇతర పట్టణములవారికి లేని సౌలభ్య మొకటి యుండెను.

1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ ప్రవేశించుటతో విశాఖ రేవు తెరువబడెను. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డను ప్రభువు లాంఛనముగా ప్రారంభోత్సవము చేసెను. నాటి నుండి ఈ ఊరికి సముద్రముమీద సరుకు మాత్రమే కాదు, సరుకు వెంట కాగితములు కూడ వచ్చుచుండెను: ఓడల ఏజెంట్ల కచేరీలకు వ్యాపారపు ఉత్తరములు, నావికులకు ఇంటి ఉత్తరములు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు ఈ రేవుమీద బాంబులు వేసినవి. 1960లు వచ్చుసరికి అదే జపానుకు ఇదే రేవు నుండి ఇనుప ఖనిజము ఓడల కొలది పోవుచుండెను. ఖనిజపు బేరము వెంట వచ్చిన కవర్లమీది చక్కని జపాను బిళ్ళలను పాత పోస్టాఫీసు ప్రాంతపు గుమాస్తాల పిల్లలు ఎంత ప్రేమతో దాచుకొని యుందురో ఊహించుకొనవచ్చును. ఇవి అటుకుల పెట్టెలోని బిళ్ళలవంటివి కావు. ఇవి ముడతలు పడి, ముద్రల దెబ్బలు తిని, ఒక మనిషి మాటను మరియొక మనిషికి చేర్చి వచ్చినవి.

అట్టి బిళ్ళను కవరునుండి విడదీయుట ఓర్పుతో కూడిన పని. అంచునకు చుట్టు రెండు వ్రేళ్ళ వెడల్పు కాగితమును వదలి కత్తిరించి, పళ్ళెములోని గోరువెచ్చని నీటిలో వేసి పావుగంట సేపు ముట్టుకొనక విడువవలెను. జిగురు కరగినప్పుడు బిళ్ళ తనంతట తానే కాగితమునుండి జారి నీటిపైన తేలును. జారకమునుపే గోటితో లాగినచో వెనుక పొర చిరిగి, పట్టుకొని వెలుగులో చూచినప్పుడు పలుచని మచ్చ కనబడును, దానితో దాని పని ముగిసినట్లే. ఎర్రని కవరు ముక్కలను విడిగా నానబెట్టవలెను, లేనిచో పళ్ళెములోని బిళ్ళలన్నియు పెండ్లికి పసుపు పూసికొన్నట్లు ఒకే రంగు పూసికొనును. తరువాత బోర్లించి ఆరవేసి, లావుపాటి నిఘంటువు నడుమ ఒక రాత్రి అదిమి పెట్టవలెను. ఇంతవరకు ఏ ఊరిలోనైన ఒక్కటే. విశాఖలో దీనిపైన సముద్రపు గాలి యొకటి కలదు. వానకాలమున ఆ చెమ్మకు వెనుక జిగురున్న బిళ్ళలు, అనగా అటుకుల పెట్టెవారు కానుకగా ఇచ్చిన జాతివి, ఆల్బము పుటకు అంటుకొని ఊడిరావు. పాతవానిపై గోధుమరంగు చుక్కలు లేచును. అందుచేత ఇచ్చటి అనుభవజ్ఞులు పుటకు పుటకు నడుమ నునుపైన పలుచని కాగితమును పెట్టుదురు, బీరువాలో గోడకు దూరముగా నిలువుగా నిలుపుదురు.

ఈ ఊరివారికి వెదకదగిన బిళ్ళ యొకటి కలదు. 1919 ఏప్రిల్ 5న సింధియా నౌకా సంస్థవారి లాయల్టీ అను ఓడ బొంబాయినుండి లండనుకు బయలుదేరినందున ఆ తేది మనకు జాతీయ నౌకాదినము. 1965లో ఆ నాడు భారత తపాలాశాఖవారు విడుదల చేసిన 15 పైసల బిళ్ళపైన జలఉష ఓడయు, విశాఖపట్టణపు రేవును కలవు. ఆ జలఉష సామాన్యమైన ఓడ కాదు. వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో, 1941 జూన్ 21న రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిన ఇచ్చటి నౌకానిర్మాణశాలలో తయారై, 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా జలప్రవేశము చేసిన ఎనిమిదివేల టన్నుల స్వదేశీ నౌక అది. విశాఖపట్టణములో పుట్టి, విశాఖపట్టణపు రేవును వెనుక పెట్టుకొని, కాగితముపైకెక్కి, దేశమందలి ప్రతి ఊరి తపాలాపెట్టెలోను పడి తిరిగినది. ఆ బిళ్ళ మార్కెట్టు ధర ఇప్పటికిని గొప్పది కాదు, కావలసినన్ని అచ్చువేసిరి. 2006 ఫిబ్రవరిలో రాష్ట్రపతి అబ్దుల్ కలాము ఇచ్చటి సముద్రమున నౌకాదళ సమీక్ష జరిపినప్పుడు వెలువడిన బిళ్ళలు దాని తరువాతి తరమువి. రంగులు ఎక్కువ, నా కంటికి గీత తక్కువ.

ఓడకు బిళ్ళ లభించినది గదా, ఉక్కునకేమి యను ప్రశ్న ఉక్కునగరమున తలయెత్తుట సహజము. ఉక్కును గురించి బిళ్ళ వేసినవారు మాత్రమే కాదు, ఉక్కుతోనే బిళ్ళ వేసినవారు కలరు: 1969లో భూటాను ప్రభుత్వము ఉక్కు తయారీ చరిత్రను చిత్రించిన బిళ్ళల వరుసను పలుచని ఉక్కు రేకుపై ముద్రించెను. దాని వెనుకనున్న సలహాదారు బర్ట్ టాడ్ అను అమెరికను. అతడు అమెరికా ఉక్కునకు పుట్టినిల్లైన పిట్స్‌బర్గు వాడు. రహదారులు వేయుటకు అప్పు పుట్టని ఆ కొండదేశమునకు బిళ్ళలు అమ్మి సొమ్ము చేసికొమ్మని ఉపాయము చెప్పినవా డాతడే యందురు; తరువాత పాట వినిపించు గ్రామఫోను రికార్డు బిళ్ళలు, గులాబి వాసన వచ్చు బిళ్ళలు కూడ వెలువడినవి. అదియు పిల్లల కానుకల కొరకు, ఆల్బముల కొరకు పుట్టిన సరుకే. కాలక్రమమును చూచినచో ఒక ముచ్చట తోచును: విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో తెలుగునాడంతయు నినదించినది, ఉక్కు రేకుపై భూటాను బిళ్ళలు 1969లో వచ్చినవి, మన కర్మాగారమునకు ఇందిరాగాంధి శంకుస్థాపన చేసినది 1971 జనవరి 20న, జాతికి అంకితమైనది 1992 ఆగస్టు 1న. ఉక్కు బిళ్ళ మన ఉక్కు కంటె ఇరువది యేండ్లకు పైగా ముందుగా అందినది. ఐనను వానిని విశాఖలో దాచుట కష్టమే. ఈ గాలికి ఉక్కు బిళ్ళయు తుప్పు పట్టును.

పెట్టెలోని కానుకల కాలము ఇంచుమించు గతించినది. క్రాకర్ జాక్ వారు 2016లో బొమ్మను తీసివేసి, ఫోనుతో చూచుకొను గళ్ళ ముద్రను పెట్టిరి. ఆ సంస్థవారే 1914లో పెట్టెలలో వేసిన బేస్‌బాల్ అట్టలకు పాకపు మరకలంటి యుండును. మరుసటి సంవత్సరము కూపన్లు పంపినవారికి వాని నేరుగా తపాలాలో పంపిరి గనుక, 1915 నాటివి శుభ్రముగా దొరకును. కొనువారు శుభ్రమైనవానినే కోరుకొందురు. మరక యున్నది మాత్రమే ఒక పిల్లవాడు నిజముగా తినినాడని సాక్ష్యము చెప్పునని నా పక్షపాతము. ఇచ్చట భారత తపాలాశాఖవారు 2017 నుండి దీనదయాళ్ స్పర్శ యోజన పేరున, ఆరవ తరగతి మొదలు తొమ్మిదవ తరగతి వరకు చదువుచు బిళ్ళలు సేకరించు విద్యార్థులలో ఎన్నికైనవారికి ఏటా 6000 రూపాయల వేతన మిచ్చుచున్నారు. కొసరు పోయి జీతము వచ్చినదన్న మాట.

పెద్దల పెట్టెలో పాత ఆల్బము దొరికి, దీని వెల ఎంతయని అడుగువారికి ఒక్క సంగతి చెప్పవలసియున్నది. మూలలో అందమైన ముద్రతో, వెనుక జిగురుతో ఉన్న హంగేరీ, అజ్మాన్ బిళ్ళలు వంద కలిపినను ఒక పూట కాఫీ ఖర్చు రాకపోవచ్చును. వానిని ప్రక్కన నుంచి, ఆల్బము వెనుక అట్టలో మడిచి పెట్టిన కవర్లేమైన ఉన్నవేమో చూడవలెను. 1965 ఏప్రిల్ 5 నాటి తేదీ ముద్రతో జలఉష బిళ్ళ అతికిన కవరు కనబడినచో, ముఖ్యముగా ఆ ముద్రలో విశాఖపట్టణము పేరు చదువవచ్చినచో, దానిని నీటిలో వేయవలదు, కత్తెర తాకింపవలదు; బిళ్ళ విడిగా ఉన్నప్పటికంటె కవరు, చిరునామా, ముద్ర, బిళ్ళ నాలుగును కలిసియున్నప్పుడే దానికి విలువ ఎక్కువ.